వేలికి పెట్టేది వేరు, కండకు పెట్టేది వేరు

కరోనా రోజుల్లో మన ఊళ్లలో చాలా ఇళ్లకి ఆక్సీమీటర్ వచ్చి చేరింది. ఇప్పుడది సొరుగులో పాత రిమోట్ల పక్కన పడి ఉంటుంది. ఫిజియోథెరపీ చదివే పిల్లలు, జిమ్ నడిపే కుర్రాళ్లు, హైస్కూల్లో పీఈటీ మాస్టార్లు దాన్ని చేతిలోకి తీసుకుని అడిగే ప్రశ్న ఒకటే: "కండ ఎంత అలిసిందో దీంతో తెలుస్తుందాండీ?"

తెలియదు. అంబాజీపేట కొబ్బరి తోటల్లో పొద్దుట్నించీ చెట్లెక్కి దిగిన దింపు కార్మికుడి ముంజెయ్యి రాయిలా బిగుసుకుపోయినా, ఆయన వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 97 అనో 98 అనో చూపిస్తుంది. అది అబద్ధం కాదు. ఊపిరితిత్తులు రక్తంలోకి ఆక్సిజన్ సరిగ్గా ఎక్కించాయా లేదా అన్నదొక్కటే అది చెప్పగలదు. ఎక్కిన ఆక్సిజన్‌లో కండ ఎంత వాడుకుంది, కండలోకి నిమిషానికి ఎంత రక్తం వస్తోంది అన్నవి వేరే ప్రశ్నలు. వాటిని సూది గుచ్చకుండా, వెలుగుతోనే కొలిచే పద్ధతులున్నాయి. ఆ పని నేర్చుకుని దాంతో బతుకుదామనుకునే కోనసీమ యువత కోసం ఇది రాస్తున్నాను. కండతో బతికే కూలీలకు పనికొచ్చే నాలుగు మాటలు కూడా ఇందులోనే ఉన్నాయి.

రాత్రి దీపం తీసేసి ఫోన్ టార్చి మీద వేలు పెట్టండి. వేలు ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ కాంతుల్ని రక్తం మింగేస్తుంది, ఎరుపు తప్పించుకుని బయటికొస్తుంది. ఎరుపును దాటి, కంటికి కనిపించని 700 నుంచి 900 నానోమీటర్ల కాంతి ఇంకా లోతుకు, కండ దాకా వెళ్లి రాగలదు. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ 850 దగ్గర కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ దించేసిన హీమోగ్లోబిన్ 760 దగ్గర ఎక్కువ పీల్చుకుంటుంది. 800 దగ్గర రెండూ ఇంచుమించు సమానం. చర్మం మీద ఒకచోట కాంతిని పంపి, మూడు నాలుగు సెంటీమీటర్ల అవతల ఎంత తిరిగొచ్చిందో చూస్తే రెండు రకాల హీమోగ్లోబిన్ ఎలా మారుతోందో లెక్క కట్టొచ్చు. దీని పేరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ. పని చేసేవాళ్లు నిర్స్ అంటారు. ఈ కాంతితో శరీరం లోపలి ఆక్సిజన్‌ను బయటినుంచే గమనించవచ్చని 1977లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్స్ యోబ్సిస్ ప్రకటించాడు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ సూత్రం అంతకు కొద్దిగా ముందు, 1974లో, జపాన్‌లో తకువో అయోయాగి చేతిమీదుగా బయటికొచ్చింది. రెండూ వెలుగుతోనే పనిచేస్తాయి. కాకపోతే ఆక్సీమీటర్ నాడితో పాటు ఎగిసిపడే ధమని రక్తాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. నిర్స్ చిన్న ధమనులు, కేశనాళికలు, చిన్న సిరలు, ఆఖరికి కండలోని మయోగ్లోబిన్‌తో సహా అన్నింటినీ కలిపి చూస్తుంది.

ఈ విద్యకు మన గోదావరి గాలి కూడా కొంత సోకింది. రాజోలు నుంచి వశిష్ఠ దాటితే అవతల పశ్చిమగోదావరి. అక్కడి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రావణం ఎంత నీలంగా మారిందో చూసి ఎంత ఫాస్ఫరస్ ఉందో చెప్పడం ఆ పద్ధతి. దాని ఆధారంగానే 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని తేల్చారు. కండ పని మొదలుపెట్టిన తొలి క్షణాల్లో ఖర్చయ్యే సొమ్ము అదే. అప్పట్లో జంతువు కండను కోసి, కరిగించి, రంగు చూడాల్సి వచ్చేది. ఇప్పుడు చర్మం మీదినుంచే చూస్తున్నాం. సుబ్బారావు గారి ప్రస్తావన ఊరి గొప్ప కోసం తేలేదు. కింద దాంతో పని ఉంది.

ముందు ఉద్యోగం సంగతి. నిర్స్ పేరుతో ఉద్యోగ ప్రకటన అమలాపురంలో దొరుకుతుందని ఆశ పెట్టను. ఇది విడి ఉద్యోగం కాదు, ఉన్న చదువుకి పదును. బీపీటీ చేసినవాళ్లు, బయోమెడికల్ డిప్లొమా వాళ్లు, ఫిజియాలజీ చదివినవాళ్లు, స్పోర్ట్స్ సైన్స్ వైపు వెళ్లాలనుకునే వ్యాయామ విద్య పట్టభద్రులు నేర్చుకోదగ్గ పని. క్రీడా అకాడమీలు, గుండె జబ్బు తర్వాత వ్యాయామం చేయించే కేంద్రాలు, షుగరు రోగుల కాళ్లు చూసే క్లినిక్కులు, పరిశోధనశాలల్లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ కొలువులు, పరికరాలమ్మే కంపెనీల శిక్షణ విభాగాలు దీనికి చోటున్న చోట్లు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఫణీంద్ర యలవర్తి బృందం శరీరంలో చెల్లాచెదురైన కాంతి నుంచి లోపలి బొమ్మ కట్టే గణితం మీద పనిచేసింది. అలాంటి చోట్ల అడుగుపెట్టాలంటే కాంతి, కండ, లెక్క మూడూ తెలిసుండాలి.

పరికరం చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఫిజియాలజీ ప్రాక్టికల్స్‌లో మోసో ఎర్గోగ్రాఫ్ ఉంటుంది. వేలితో బరువు లాగుతూ అలసట గీత గీయించడం, తర్వాత చేతికి కఫ్ కట్టి రక్తం ఆపి మళ్లీ లాగించడం అందులో చేయిస్తారు. అమలాపురంలో కోనసీమ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చదివేవాళ్లు ఆ ప్రాక్టికల్‌ని మార్కుల కోసం ముగించేయకుండా, రక్తం ఆగితే గీత ఎందుకంత తొందరగా కూలిందో నిలబడి ఆలోచించాలి. నిర్స్ చేసేది ఆ కూలిపోవడం వెనక ఏం జరిగిందో చూపించడమే.

ఇక పని. ఇది చదివితే రాదు, చేత్తో చేయాలి. అయినా ఒక ముంజేతి పరీక్ష మొదటినుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చెబుతాను.

మనిషిని నీడలో కూర్చోబెట్టండి. ఎండలో మన కంటికి కనిపించని ఆ కాంతే దండిగా ఉంటుంది, అది సెన్సర్‌లోకి దూరితే లెక్కంతా పాడు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద, అరచెయ్యి పైకి. పిడికిలి బిగించమంటే ముంజేతి లోపలివైపు పొంగే కండ కనిపిస్తుంది, సెన్సర్ దాని నడుమ ఉండాలి. మనవాళ్ల చేతులకి కొబ్బరినూనె ఉంటుంది, చెమట సరేసరి. స్పిరిటు దూదితో తుడవకపోతే పట్టీ జారుతుంది. పెద్దవాళ్ల ముంజేతి మీద పచ్చబొట్టుంటే దాన్ని తప్పించి పెట్టాలి, ఆ సిరా కాంతిని మింగేస్తుంది. పట్టీ చుట్టాక పైన నల్లగుడ్డ. పట్టీ బిగుతుగా చుడితే అదే రక్తాన్ని అడ్డుకుంటుంది, కాబట్టి కిందికి ఒక వేలు దూరేంత సందుండాలి.

కూలీ ముందు అడిగే మాట ఊహించుకోండి: "కరెంటు పెడతారేంటి బాబూ?"

"ఆయ్, కరెంటు కాదు బాబాయ్, లైటే. బీపీ చూసినప్పుడు బిగిసినట్టు జబ్బ బిగుస్తుంది, అంతే. వద్దనిపిస్తే చెప్పండి, వెంటనే గాలి తీసేస్తాను."

ఆ చివరి వాక్యం తప్పనిసరి.

అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక మొదటి పని: జబ్బకు కట్టిన బీపీ కఫ్‌ను 50, 60 మిల్లీమీటర్ల దాకా నింపండి. ఆ ఒత్తిడికి సిరలు మూసుకుంటాయి, ధమనులు మూసుకోవు. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. తెర మీద మొత్తం హీమోగ్లోబిన్ గీత పైకి లేస్తుంది. తొలి పది పదిహేను సెకన్లలో అది లేచిన వాలే ఆ కండలోకి రక్తం వచ్చే వేగం. తర్వాత గాలి తీసేసి, గీత మామూలు స్థితికి వచ్చాక రెండోది: కఫ్‌ను పై బీపీ కంటే బాగా ఎక్కువకి, ఒక్క ఊపులో నింపండి. ఇప్పుడు రాకా లేదు, పోకా లేదు. ఉన్న ఆక్సిజన్‌నే కండ వాడుకుంటూ పోతుంది. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్ గీత దిగుతుంది, లేనిది అంతే మేర ఎక్కుతుంది. దిగే వాలు ఆక్సిజన్ ఖర్చు. మన కాలువల భాషలో చెప్పాలంటే మొదటిది మురుగు కాలువ మూసి చేలో నీరు ఎంత వేగంగా ఎక్కుతోందో చూడటం, రెండోది పంట కాలువ లాకు కూడా దించేసి ఉన్న నీరు ఎంత వేగంగా ఇంకుతోందో చూడటం. ముంజేతి మీద ఈ ఆక్సిజన్ ఖర్చు కొలతను డి బ్లాసి, ఫెరారి తదితర పరిశోధకులు 1993లో ప్రచురించారు. ఇప్పటికీ కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదని నా అభిప్రాయం.

రెండో పరీక్షలో ఒక గుర్తు పెట్టుకోండి. రక్తం పూర్తిగా ఆగితే మొత్తం హీమోగ్లోబిన్ గీత అడ్డంగా, కదలకుండా ఉండాలి. అది పైకి పాకుతోందంటే కఫ్ సరిగ్గా పట్టలేదు, లేదా మీరు చేత్తో మెల్లగా గాలి కొట్టారు. మెల్లగా కొడితే ముందు సిరలు మూసుకుని, ధమనులు మూసుకునేలోపు రక్తం చేరిపోతుంది. అలాంటి గ్రాఫ్‌ను పారేసి మళ్లీ చేయాలి. నన్నడిగితే, ఇలాంటి పాడైన గ్రాఫ్ ఎందుకు పాడైందో చెప్పగలిగిన అభ్యర్థికే ఉద్యోగం ఇస్తాను. అందమైన గ్రాఫ్ ఎవరైనా తెస్తారు.

నేర్చుకునేటప్పుడు రక్తాన్ని పూర్తిగా ఆపేది అర నిమిషం, మహా అయితే నిమిషం. వాలు చూడటానికి అది చాలు. కండలో ఆక్సిజన్ అడుగంటేదాకా నిమిషాల తరబడి ఆపే పరీక్షలు డాక్టర్ పక్కనుంటేనే. సిరల్లో గడ్డలున్నవాళ్లకి, డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి, రొమ్ము ఆపరేషన్ జరిగిన వైపు చేతికి, సికిల్ సెల్ ఉన్నవాళ్లకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి అసలు చేయకండి.

తెర మీద కనిపించేది హీమోగ్లోబిన్ గాఢతలో మార్పు, మైక్రోమోలార్లలో. దాన్ని నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల రక్తం అని చెప్పాలంటే ఆ మనిషి రక్తంలో హీమోగ్లోబిన్ ఎంతుందో తెలియాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. మనం కొలిచింది ఎంత హీమోగ్లోబిన్ వచ్చిందన్నది, ఎంత రక్తం వచ్చిందన్నది కాదు. ఒకే వాలు వచ్చినా 14 గ్రాములున్న మనిషి కంటే 9 గ్రాములున్న మనిషి కండలోకి సుమారు ఒకటిన్నర రెట్లు రక్తం వస్తున్నట్టు లెక్క. రక్తహీనత మన ఆడవాళ్లలో ఎంతగా ఉందో తెలిసిందే. కాబట్టి కొలత రోజే రక్త పరీక్ష చేయించకుండా పీచు పరిశ్రమలో పనిచేసే అక్క కండకి అంకె కట్టొద్దు. ఇంకొకటి, కాంతి లోపల తిన్నగా పోదు, అటూ ఇటూ చెదురుతూ ముంజేతిలో సుమారు నాలుగు రెట్ల దూరం నడుస్తుంది. కాలికైతే అంతకన్నా ఎక్కువ. ఏ భాగానికి ఏ గుణకం వాడారో నివేదికలో రాయాలి.

కఫ్ లేకుండా రక్త ప్రవాహాన్ని చూసే పద్ధతి కూడా ఉంది. డిఫ్యూజ్ కోరిలేషన్ స్పెక్ట్రోస్కోపీ. లేజర్ కాంతి కండలో చెదిరి బయట మచ్చలు మచ్చలుగా పడుతుంది. లోపల ఎర్రకణాలు కదిలేకొద్దీ ఆ మచ్చలు మిణుకుమంటాయి. ఎంత త్వరగా మిణుకుమంటే ప్రవాహం అంత ఎక్కువ. దీన్నీ నిర్స్‌నీ జోడిస్తే ప్రవాహాన్ని, వచ్చిన ఆక్సిజన్‌కీ పోయిన ఆక్సిజన్‌కీ ఉన్న తేడాతో గుణించి ఖర్చు రాబట్టొచ్చు. 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రమే అది. కండ బిగిసినప్పుడు దాని పోగుల కదలిక కూడా ప్రవాహంలాగే కనిపిస్తుంది కనుక పనిచేస్తున్న కండ మీద దీన్ని జాగ్రత్తగా చదవాలి. ప్రస్తుతానికి ఇది పరిశోధనశాలల పని.

అసలు చెప్పదలచింది ఇది. ఈ పరికరాలు ఒక మనిషిని అతనితోనే పోలుస్తాయి. పక్కవాడితో పోల్చవు. కాంతి వెళ్లే లోతు, దీపానికీ సెన్సర్‌కీ మధ్య దూరంలో సుమారు సగం. మూడున్నర సెంటీమీటర్ల ఎడం ఉంటే ఒకటిముప్పావు సెంటీమీటర్లు. అందులో సెంటీమీటరు కొవ్వే ఉంటే మీరు కొలిచింది చాలావరకు కొవ్వు. అందుకే చర్మాన్ని మడతపెట్టి కొలిచే కాలిపర్ దగ్గరుంచుకోండి, ఆ అంకెలో సగమే చర్మం, కొవ్వుల మందం. చర్మం రంగు మరో మెలిక. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా వేలి ఆక్సీమీటర్ గుర్తించకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా వైద్యులు రాశాక ప్రపంచమంతా దీని మీద కన్నేసింది. ఎండలో మాడిన ముంజేతి బయటివైపుకీ లేతరంగు లోపలివైపుకీ కూడా తేడా రావచ్చు. కాబట్టి ఈసారి సెన్సర్ పెట్టిన చోటే వచ్చేసారీ పెట్టాలి. మోచేతి మడత నుంచి ఎన్ని వేళ్ల దూరమో కాదు, ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి రాసుకోండి. "మా వాడిది అరవై, వాళ్ల వాడిది యాభై" అని ఇద్దరు బ్యాడ్మింటన్ పిల్లల్ని పోల్చే తల్లిదండ్రులకి ఆ పోలిక పనికిరాదని చెప్పే ధైర్యం కూడా ఉద్యోగంలో భాగమే.

బ్యాడ్మింటన్ అంటే గుర్తొచ్చింది. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాక, స్మాష్ వేగం పెంచే మార్గం ఈ పట్టీల్లో దొరుకుతుందేమోనని ఆశపడేవాళ్లున్నారు. స్మాష్ కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. దానికి ఆక్సిజన్‌తో పనిలేదు, సుబ్బారావు గారి ఫాస్ఫోక్రియాటిన్ నిల్వే చాలు. కోచ్‌కి నిర్స్ ఉపయోగపడేది ర్యాలీకీ ర్యాలీకీ మధ్య తొడ కండ ఎంత త్వరగా తేరుకుంటోందో చూడటానికి. అక్కడా ఒక తిరకాసుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆక్సిజన్ గీత చాలావరకు నిమిషంలోపే పైకొచ్చేస్తుంది, ఫాస్ఫోక్రియాటిన్ పూర్తిగా నిండడానికి మాత్రం మరికొన్ని నిమిషాలు పడుతుంది. గీత పైకొచ్చిందని పిల్లాణ్ణి వెంటనే కోర్టులోకి తోస్తే కాళ్లు మాట వినవు.

కండ తేరుకోవడానికి సమయం కావాలన్న ఇదే సంగతి కొబ్బరి దింపు, ఒలుపు కార్మికులకూ వర్తిస్తుంది. బిగించిన పట్టు గట్టిదైతే కండ లోపలి ఒత్తిడికి దానిలోకి వచ్చే రక్తమే నలిగిపోతుంది. చెట్టు మీద పట్టు వదలమని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను. దిగాక మాత్రం తదుపరి చెట్టు దాకా చేతులు కిందికి వేలాడేసి, వేళ్లు ముడుస్తూ చాపుతూ నడవండి. కాళ్ల బంధం ఒక చెట్టుకీ ఇంకో చెట్టుకీ మధ్య వదులు చేయండి. కొబ్బరి రాశి ముందు నిలబడి ఒలిచేవాళ్లు కాయల లెక్క మీద కూలి వస్తుందని గంటల తరబడి ఆగరు. రెండు గంటలకోసారి ఒక పెద్ద విరామం కన్నా, ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకి ఒకటి రెండు నిమిషాలు చేతులు వదలడం కండకి మేలు. కాయల లెక్క ఎంత తగ్గుతుందో మేస్త్రి ఒక రోజు చూసి చెప్పమనండి. కత్తి పిడి సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేసుకోండి, అప్పుడు అంత గట్టిగా బిగించనక్కర్లేదు.

రెండు లక్షణాలకి పరికరాలతో పనిలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే అంతే దూరానికి పట్టేయడం ఒకటి. చుట్ట, బీడీ తాగేవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, యాభై దాటినవాళ్లలో ఇది కాలి ధమనులు పూడుతున్న గుర్తు కావచ్చు. చీలమండ దగ్గర బీపీ చూసి జబ్బ బీపీతో పోల్చే పరీక్ష చేస్తారు. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి నిద్రలేపడం రెండోది. క్రీడల కోసం అమ్మే కండ పట్టీ పెట్టి "నీకు రక్తనాళాలు పూడాయి" అని ఏ ఫిజియో చెప్పినా అది హద్దు మీరడమే.

కార్మికులని కొలవడానికి తోటలోకి వెళ్లేవాళ్లకు చివరి మాట. దాన్ని చదువులో భాగంగానో, పరిశోధనగానో చేస్తుంటే 2017 నాటి ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన సమ్మతి పత్రం, చదవడం రానివాళ్లకి సాక్షి ముందు చదివి వినిపించడం ఉండాలి. ఎవరి గ్రాఫ్ వారికే చూపించండి. తోట కాంట్రాక్టరు "ఎవరి కండ తొందరగా పడిపోతోందో లిస్టు ఇవ్వండి" అని మర్యాదగానే, టీ తెప్పించి మరీ అడుగుతాడు. ఆ లిస్టు ఇచ్చిన మర్నాడు ఎవరికి పని పోతుందో మీకు తెలుసు. అంకె పక్కవాడితో పోల్చడానికి పనికిరాదని పైన చెప్పాను కదా, లిస్టు ఇవ్వకపోవడానికి ఆ సాంకేతిక కారణమే చెప్పండి. అది నిజం కూడా.